నౌషాదర్, నవాసాగరం, అమ్మోనియం క్లోరైడు: రసాయన నామముల, లెక్కల చరిత్ర

పదవ తరగతి వరకు ఉర్దూలో చదివిన పిల్లవాడు ఇంటర్మీడియట్ సైన్సులో చేరి మొదటి నెలలోనే ఎక్కడ చతికిలబడతాడో మేము ఇరవై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాము. తెలివిలో కాదు, లెక్కల్లో అంతకన్నా కాదు. పేర్ల దగ్గర. వాడు 'తుర్షా' అని చదివినది తెలుగు పుస్తకంలో 'ఆమ్లము' అయి కూర్చుంటుంది, ఇంగ్లీషు లెక్చరరు నోట 'యాసిడ్' అవుతుంది. 'సాలిమా' కాస్తా 'అణువు', ఆపైన 'మాలిక్యూల్'. 'మహలూల్' ఒకనాడు 'ద్రావణం', మరునాడు 'సొల్యూషన్'. వస్తువు ఒకటే, వాడికి తెలిసినదే. కానీ తెలిసిన మనిషి మూడు వేషాల్లో వచ్చి నిలబడితే పోల్చుకోలేక వాడు ఇంటికి వచ్చి, 'అబ్బా, ఈ సైన్సు నా వల్ల కాదు' అంటాడు. తండ్రి కూడా 'పోనీలే, మామూ దుకాణంలో కూర్చో' అంటాడు. ఒక సీటు పోయింది, ఒక చదువు ఆగింది. ఆడపిల్ల అయితే ఆ మాట అనడానికి కూడా ఎవరూ వేచి ఉండరు.

అందుచేత ఈ వ్యాసంలో రసాయన శాస్త్రపు పేర్లు ఎక్కడ నుండి వచ్చినవి, వాటిని ఎవరు ఏ అవసరంతో పెట్టినారు, ఆ 'మోల్' అనే లెక్క ఎందుకు పుట్టింది, ద్రావణం గాఢత మన ఇంటి గడప దాకా ఎట్లా వస్తుంది అనే సంగతులు చెప్పదలచినాము. పిల్లలకే కాదు, వారి తల్లిదండ్రులకు కూడా.

మన పాత వీధుల్లో కలాయివాలాను చూడని పెద్దలు ఉండరు. నేలలో గుంట తవ్వి, తోలు తిత్తితో నిప్పు రాజేసి, రాగి దేగిసాను ఎర్రగా కాల్చి, చిటికెడు నౌషాదర్ పొడి వేసి దూదితో రుద్దేవాడు. గుప్పున తెల్లని పొగ లేచేది. ఆపైన తగరపు కడ్డీ తాకించి మళ్ళీ దూదితో తిప్పితే గిన్నె లోపలంతా వెండిలాగ మెరిసేది. ఆ నౌషాదరే తెలుగులో నవాసాగరం, పాఠ్యపుస్తకంలో అమ్మోనియం క్లోరైడు. వేడికి అది అమ్మోనియాగాను, హైడ్రోజన్ క్లోరైడుగాను విడిపోతుంది. రాగి పైన పట్టిన ఆక్సైడు పొరను ఆ రెండవ వాయువు తినివేస్తుంది, శుభ్రమైన లోహం బయటపడి తగరం అంటుకుంటుంది. కలాయివాలాకు ఈ పేర్లు ఒక్కటీ తెలియదు, పని మాత్రం తెలుసు. బీదరులో బిద్రీ పని చేసే ఉస్తాదులూ అంతే. జింకులో కొంచెం రాగి కలిపి పోత పోసి, వెండి తీగ పొదిగి, పాత కోటలోని మట్టిని నౌషాదరుతో కలిపి పూస్తే జింకు మిశ్రమం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే నిలుస్తుంది. చేతికి తెలిసిన విద్యకు పేరు లేకపోతే అది కొడుకు దగ్గర ఆగిపోతుంది. ఊరు దాటదు, పుస్తకమెక్కదు.

మన వారిలో ఒక అలవాటు ఉన్నది. సైన్సు చరిత్ర అనగానే అన్నీ మనవాళ్ళే కనిపెట్టినారని వ్రాసి సంతోషపడతాము. అంత దూరం పోనక్కర లేదు, ఉన్నది చెబితేనే చాలినంత గౌరవం ఉన్నది. జాబిర్ ఇబ్నె హయ్యాన్ పేరు మీద వందలాది గ్రంథాలు ఉన్నవి. ఇన్ని గ్రంథాలు ఒక్కరే వ్రాసినవి కావనీ, తరతరాల శిష్యబృందం వ్రాసినవనీ ఇరవయ్యవ శతాబ్దపు పండితులు తేల్చినారు. తేజాబుల సంగతీ అంతే. గంధకపు తేజాబు, షోరా తేజాబు తయారు చేసే స్పష్టమైన పద్ధతులు ఎక్కువగా 1300 ప్రాంతపు లాటిన్ గ్రంథాల్లో కనిపిస్తాయి. తమాషా ఏమంటే, ఆ లాటిన్ రచయితలే తమ పుస్తకాలు చెల్లుబాటు కావాలని 'గెబెర్' అని, అంటే జాబిర్ పేరునే పెట్టుకున్నారు! ఒక పేరుకు ఇంతకంటె ఏమి గౌరవం కావాలి?

క్రీస్తుశకం 925 ప్రాంతంలో చనిపోయిన వైద్యుడు అబూబకర్ అల్ రాజీ చేసిన పని మా దృష్టిలో ఇంకా గొప్పది. ఆయన తన రహస్యాల గ్రంథంలో రహస్యాలు పెద్దగా దాచలేదు. ఖనిజ పదార్థాలను ఆరు వర్గాలుగా విడదీసినాడు. నిప్పు మీద ఎగిరిపోయేవి 'రూహులు' అన్నాడు, పాదరసం, గంధకం, నౌషాదర్, హరితాళం అందులోనివి. తరువాత లోహాలు, రాళ్ళు, తుత్తాలు, బోరాక్సులు, లవణాలు. అంగడిలో ఏ పేరుతో అమ్మినా సరే, నిప్పులోనూ నీటిలోనూ అది ఎట్లా ప్రవర్తిస్తుందో చూసి అర పెట్టడం అన్నమాట. పేర్లు పెట్టే విద్యకు తొలి మెట్టు ఇదే.

మాటలు కూడా ప్రయాణం చేసినవి. ఉప్పునేలల మొక్కలను కాల్చిన బూడిద 'అల్ ఖలీ', అది ఆల్కలీ అయినది. పొటాషియం గుర్తుగా 'కె' అక్షరం వ్రాసేది 'కాలియం' నుండి, ఆ కాలియం కూడా ఈ ఖలీయే. సోడియం గుర్తు 'ఎన్ ఏ' నేట్రియం నుండి, అది 'నత్రూన్' బంధువు. 'బౌరఖ్' బోరాక్సు అయి చివరకు బోరాన్ అనే మూలకానికి పేరిచ్చినది. అన్నిటికంటె వింత 'అల్ కుహల్' ది. కుహల్ అంటే కంటికి పెట్టే సుర్మా. సన్నగా నూరిన పొడి అనే అర్థం కాస్తా ఏ వస్తువుకైనా సారము అనే అర్థంగా మారి, పదహారవ శతాబ్దంలో పారాసెల్సస్ చేతిలో ద్రాక్షసారాయి సారమై, ఈనాటి ఆల్కహాలు అయినది. (సుర్మా మాట వచ్చినది కనుక ఒక్క ముక్క: అంగడిలో దొరికే సుర్మాలో చాలా మట్టుకు సీసపు గంధకం ఉంటుంది. పసిపిల్లల కంటికి పెట్టకుండా ఉండటమే మేలు.) అయితే 'కీమియా' అన్న మాట గ్రీకుల నుండి అరబ్బులు తీసుకున్నదే, 'అంబీఖ్' అనే బట్టీ పేరూ అంతే. ఇచ్చిపుచ్చుకోవడాలు రెండు వైపులా జరిగినవి.

పద్దెనిమిదవ శతాబ్దం వచ్చేసరికి యూరప్ లో పేర్ల పరిస్థితి మన పిల్లవాడి పరిస్థితి కంటె ఘోరంగా ఉండేది. రాగిని శుక్రుడు, ఇనుమును అంగారకుడు, సీసాన్ని శని అనేవారు. 'శుక్రుని తుత్తము', 'శని చక్కెర', 'ఆంటిమొనీ వెన్న', 'జింకు పూలు', 'తుత్తపు నూనె'... వంటింటి జాబితాలాగ ఉన్నది కదా! ఈ వెన్నను తిన్నవాడు బ్రతకడు, ఈ చక్కెర తియ్యగానే ఉండి చంపుతుంది. ఒకే ఉప్పుకు ఊరికొక పేరు. డిజాన్ అనే ఊళ్ళో న్యాయవాది గీటన్ ద మార్వో ఈ గందరగోళం భరించలేక 1782లో ఒక సంస్కరణ పత్రం ప్రకటించినాడు. వకీలు కదా, మాటకు ఒకే అర్థం ఉండాలన్న పట్టు ఉంటుంది. లావోజియే, బెర్తొలే, ఫూర్‌క్రువా ఆయనతో కలిసినారు. 1787లో నలుగురూ కలిసి పారిసులో రసాయన నామకరణ పద్ధతి అనే గ్రంథం అచ్చు వేసినారు.

ఆ గ్రంథంలోని ఆలోచన ఒక్క వాక్యంలో చెప్పవచ్చును. పేరు వింటేనే వస్తువు దేనితో కట్టబడినదో తెలియాలి. మన ఇళ్ళలో పేరుతో పాటు తండ్రి పేరు చెప్పినట్లు. గంధకము లోహంతో నేరుగా కలిస్తే సల్ఫైడు. గంధకముతో పాటు ఆక్సిజన్ తక్కువ పాలు ఉంటే సల్ఫైటు, ఎక్కువ పాలు ఉంటే సల్ఫేటు. ఆమ్లాలకూ అదే వరస: తక్కువైతే సల్ఫ్యూరస్, ఎక్కువైతే సల్ఫ్యూరిక్. 'ఐడ్, ఐట్, ఏట్' అని పిల్లలు తల ఊపుతూ వల్లె వేసే తోకలు ఇవే. ఈ తోక పట్టుకుంటే వస్తువు దొరుకుతుంది. మైలతుత్తం అంటే రంగు తెలుస్తుంది, కాపర్ సల్ఫేటు అంటే లోపలున్న రాగి, గంధకం, ఆక్సిజన్ మూడూ తెలుస్తాయి. అన్నభేది, హీరాకసీస్, ఫెర్రస్ సల్ఫేటు ఒకటే. పటిక, ఫిట్కరీ, ఆలం ఒకటే. సురేకారం, షోరా, పొటాషియం నైట్రేటు ఒకటే. మా తరగతిలో ఈ మూడు వరసల పట్టిక ఒకటి గోడకు అతికించి ఉంచినాము. పిల్లలు ఇళ్ళలో నానీలను, దాదీలను అడిగి కొత్త పేర్లు తెచ్చి అందులో చేరుస్తుంటారు.

ఆ నలుగురూ ఒకచోట తప్పు చేసినారు, ఆ తప్పు మన భాషలోకి కూడా వచ్చి నిలిచిపోయినది. ప్రతి ఆమ్లానికీ ఒకే వాయువు కారణమని లావోజియే నమ్మి, దానికి గ్రీకు మాటలతో 'ఆక్సిజన్' అని, అంటే పులుపును పుట్టించేది అని పేరు పెట్టినాడు. తెలుగు పెద్దలు దానిని చక్కగా 'ఆమ్లజని' అని అనువదించినారు, జర్మనులు 'పులుపు పదార్థం' అన్నారు. 1810లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ, ఉప్పు తేజాబులో ఆక్సిజన్ బొత్తిగా లేదనీ, అందులోని ఆకుపచ్చ వాయువు ఒక మూలకమనీ చెప్పి దానికి క్లోరీన్ అని పేరు పెట్టినాడు. పేరు తప్పని తేలినా పేరు మారలేదు. లావోజియే ఈ సంగతి చూడలేదు. ఫ్రెంచి విప్లవంలో 1794 మే 8న ఆయన తల తీసినారు.

ఇక్కడ హైదరాబాదు ప్రస్తావన తప్పదు. 1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడినది. మౌల్వీ అబ్దుల్ హక్ దానికి మొదటి అధిపతి. 1918లో విశ్వవిద్యాలయం స్థాపన జరిగినది. ఒక భారతీయ భాషలో వైద్యం, ఇంజనీరింగు, రసాయనం వరకు చెప్పాలని సంకల్పించిన పని అది. మాటలు ఎక్కడ నుండి తేవాలి? అరబ్బీ ధాతువుల నుండి చేయాలనేవారు కొందరు, జనం నోట ఉన్న మాటలను కలుపుకోవాలనేవారు కొందరు. వహీదుద్దీన్ సలీమ్ 1921లో పరిభాషా నిర్మాణం పైన ఒక పూర్తి గ్రంథమే వ్రాసి, ఉర్దూ స్వభావానికి తగినట్లు దేశీ మాటలనూ, ప్రత్యయాలనూ ధైర్యంగా వాడుకోవాలన్నారు. ఉన్సుర్, మురక్కబ్, తుర్షా, మహలూల్, ఇర్తికాజ్ వంటి మాటలతో ఒక తరం డాక్టర్లు, ఇంజనీర్లు తయారైనారు. 1948 తరువాత అక్కడ బోధనాభాష ఇంగ్లీషుకు మారినది. తెలుగు వైపు చూస్తే 1906లో హైదరాబాదులోనే మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి శాస్త్ర గ్రంథాలు వేసింది, 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి కళాశాల పుస్తకాలకు పరిభాష తయారు చేసింది. ఒకే నగరంలో రెండు భాషలు ఒకే కష్టం పడినవి. కాని రెండు పదకోశాలను పక్కపక్కన పెట్టి మన పిల్లలకు ఒక పుస్తకంగా ఇచ్చిన వారిని మేము చూడలేదు. తుర్షా అన్నా పులుపే, ఆమ్లమన్నా పులుపే, లాటిన్ నుండి వచ్చిన యాసిడ్ అన్నా పులుపే. నాలుక ఒకటే అయినప్పుడు ఈ సంగతి పిల్లవాడికి మొదటి రోజే చెబితే ఏమి పోయింది?

పేరులో తోక మారితే ప్రాణం మీదకు వస్తుందనడానికి పాదరసమే సాక్షి. పాదరసం క్లోరిన్‌తో రెండు రకాలుగా కలుస్తుంది. మెర్క్యురస్ క్లోరైడు నీటిలో దాదాపు కరగదు. 'కాలొమెల్' అనే పేరుతో దానిని విరేచనాలకు ఒకప్పుడు డాక్టర్లే ఇచ్చేవారు. పళ్ళు వచ్చే పసిపిల్లల పొడుల్లో కూడా కలిపి, వాళ్ళ చేతులు కాళ్ళు ఎర్రబడే జబ్బు తెచ్చిపెట్టినారు. మెర్క్యురిక్ క్లోరైడు నీటిలో కరుగుతుంది, అది కొద్దిపాటి మోతాదులోనే మనిషిని చంపే విషం. చూపుకు రెండూ తెల్లని పొడులే. తేడా అంతా 'అస్', 'ఇక్' అనే రెండక్షరాల్లో ఉన్నది. ఈ తోకలు కొత్తవారికి తికమకగా ఉన్నవని జర్మను శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ స్టాక్ 1919లో, లోహం పేరు పక్కన బ్రాకెట్టులో దాని సంయోజకతను రోమన్ అంకెతో వ్రాస్తే సరిపోతుందన్నాడు. మెర్క్యురీ ఒకటి క్లోరైడు, మెర్క్యురీ రెండు క్లోరైడు. అదే ఇప్పుడు మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నది. ఆ స్టాకే ఏళ్ళ తరబడి ప్రయోగశాలలోని పాదరసపు ఆవిరి పీల్చి మతిమరుపు, తలనొప్పులతో బాధపడి, కారణం తెలుసుకొని 1926లో లోకానికి హెచ్చరిక ప్రచురించినాడు. మన దేశంలో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీ ఉపాధ్యాయుడు ప్రఫుల్ల చంద్ర రాయ్ 1896లో తయారుచేసి పేరు తెచ్చుకున్నది మెర్క్యురస్ నైట్రైటు. 'అస్' ఒకటి, 'ఐట్' ఒకటి. ఆ పేరులో రెండు తోకలూ ఉన్నవి, విడదీసి చెప్పమని పిల్లలను అడిగి చూడండి.

ఇక లెక్క. పేరు చెబితే ఏమేమి ఉన్నదో తెలిసింది, ఎంతెంత అన్నది తెలియాలి కదా. 1808లో డాల్టన్ పరమాణువుల పుస్తకం వ్రాసినాడు గాని, నీటిలో హైడ్రోజన్ ఒకటి, ఆక్సిజన్ ఒకటి అని అనుకున్నాడు. అక్కడ మొదలు భారాలన్నీ తారుమారు. 1811లో ఇటలీకి చెందిన అవొగాడ్రో, ఒకే వేడి, ఒకే పీడనం ఉన్నప్పుడు సమాన ఘనపరిమాణాల వాయువుల్లో అణువుల సంఖ్య సమానం అన్నాడు. ఆయన కూడా న్యాయశాస్త్రం చదివినవాడే! యాభై ఏళ్ళ దాకా ఆ మాట ఎవరూ సరిగ్గా చెవిన పెట్టలేదు. 1861లో వెలువడిన కెకూలే గ్రంథంలో, మన ఇళ్ళలో ఊరగాయకు వాడే వెనిగర్ ఆమ్లానికి అప్పట్లో వాడుకలో ఉన్న పందొమ్మిది ఫార్ములాలు జాబితాగా ఉన్నవి. అంతకు ముందు ఏడు, 1860 సెప్టెంబరు 3 నుండి 5 వరకు కార్ల్స్‌రూయె పట్టణంలో వందకు పైగా రసాయనవేత్తలు సమావేశమైనారు. మూడు రోజులు మాట్లాడుకొని ఏమీ తేల్చలేదు. కాని వెళ్ళేటప్పుడు కానిజ్జారో వ్రాసిన చిన్న కరపత్రం ఒకటి పంచినారు. అవొగాడ్రో మాట నమ్మితే అణుభారాలన్నీ ఎట్లా కుదురుతాయో అందులో ఉన్నది. దానిని రైలులో, ఇంటి దగ్గర చదివినవారి కళ్ళు తెరచుకున్నవి. వచ్చినవారిలో కుర్రవాడైన మెండెలీవ్ కూడా ఉన్నాడు. తొమ్మిదేళ్ళకు ఆయన ఆవర్తన పట్టిక వచ్చినది.

మోల్ అంటే భయపడవలసిన వస్తువు కాదు. బ్యాంకులో చిల్లర నాణేల సంచిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టరు. ఒక నాణెం బరువు తెలుసు కనుక సంచిని తూచి సంఖ్య చెబుతారు. అణువులనూ అట్లాగే తూచి లెక్కపెడతాము. లాడ్ బజారులో గాజులకు డజను ఎట్లాగో అణువులకు మోల్ అట్లాగు, కాకపోతే డజను కొంచెం పెద్దది: 6.022 × 10²³. నీటి అణుభారం 18 కనుక 18 గ్రాముల నీరు, అంటే నాలుగు చిన్న చెంచాలకు తక్కువే, ఒక మోల్. మన నౌషాదర్ చూడండి: నత్రజని 14, హైడ్రోజన్ నాలుగు కలిపి 4, క్లోరిన్ 35.5, మొత్తం 53.5. కలాయివాలా 107 గ్రాముల నౌషాదర్ కొంటే రెండు మోల్లు కొన్నాడన్నమాట. గ్రాములను అణుభారంతో భాగిస్తే మోల్లు, మోల్లను అణుభారంతో గుణిస్తే గ్రాములు. ఈ రెండు వాక్యాలే మొత్తం అధ్యాయం.

ఈ 'మోల్' మాటను 1890ల దశకంలో వాడుకలోకి తెచ్చిన విల్‌హెల్మ్ ఓస్ట్‌వాల్డ్ అప్పటికి పరమాణువులు నిజంగా ఉన్నవని నమ్మేవాడు కాదు! లెక్కకు పనికివస్తుంది, అంతే అనేవాడు. ఫ్రాన్సులో జాఁ పెరాఁ ప్రయోగాలు చూసిన తరువాత 1909 ప్రాంతంలో ఒప్పుకున్నాడు. ఆ సంఖ్యకు అవొగాడ్రో పేరు పెట్టినది ఆ పెరాఁయే, 1909లోనే. 1971లో మోల్ అంతర్జాతీయ ప్రమాణాల్లో ఏడవ మూలప్రమాణంగా చేరినది. అప్పటి నిర్వచనం 12 గ్రాముల కార్బన్ పైన ఆధారపడి ఉండేది. 2019 మే 20 నుండి తూకంతో పని లేకుండా సంఖ్యనే స్థిరం చేసినారు: సరిగ్గా 6.02214076 × 10²³. పాత పుస్తకాలతో చదువు చెప్పేవారు ఈ మార్పు గమనించవలెను.

గాఢత కొలవడం బట్టల చలువ నుండీ, టంకసాల నుండీ వచ్చిన విద్య. ఫ్రాన్సులో బట్టలు తెల్లబరిచే క్లోరిన్ నీళ్ళు పలుచనైతే బట్ట తెల్లబడదు, చిక్కనైతే బట్ట చిరిగిపోతుంది. ఆ నీళ్ళు నీలిమందు రంగును ఎంత పోగొడతాయో చూసి బలం కట్టేవారు. 1824లో గే లుసాక్ ఈ కొలతకు వాడిన గాజు గొట్టాలకు బ్యూరెట్టు, పిపెట్టు అనే పేర్లు పెట్టినాడు. ఆయనే 1832లో పారిసు టంకసాలలో వెండి నాణ్యతను ఉప్పునీటితో కొలిచే పద్ధతి తెచ్చినాడు. అక్కడ 'టైట్రేషన్' అనే మాటకు మూలమైన 'టిట్ర్' అంటే లోహపు వన్నె అనే అర్థం. మన కంసాలి గీటురాయి మీద చూసేదే. పెద్దలకు తెలిసిన నార్మాలిటీ ఇప్పుడు పై తరగతుల్లో తగ్గిపోయి మొలారిటీ నిలిచినది. లీటరు ద్రావణంలో ఎన్ని మోల్లో అదే మొలారిటీ. లీటరు నీటిలో అనలేదు, లీటరు ద్రావణంలో అన్నాము. పరీక్షలో మార్కులు పోయేది ఇక్కడే.

ఇంకొక గోతి ఉన్నది. నీలి మైలతుత్తపు స్ఫటికంలో ప్రతి కాపర్ సల్ఫేటు అణువుకూ ఐదు నీటి అణువులు అంటుకొని ఉంటాయి, దాని భారం 249.5. కాల్చితే నీరు పోయి తెల్లబడుతుంది, అప్పుడు 159.5. ఒక మోలార్ ద్రావణానికి తెల్లపొడి 159.5 గ్రాములు వేయాలని చదివి, అంతే బరువు నీలి స్ఫటికాలు వేస్తే ద్రావణం 0.64 మోలార్ దగ్గరే ఆగుతుంది. రైతు సోదరులకు 1885లో ఫ్రాన్సులో మిలార్దే ప్రకటించిన బోర్డో మిశ్రమం తెలిసినదే. ఒక శాతం మిశ్రమానికి నూరు లీటర్లకు కిలో మైలతుత్తం, కిలో సున్నం. లీటరుకు 10 గ్రాములు, అంటే సుమారు 0.04 మోలార్.

నల్గొండ జిల్లా వారికి గాఢత పాఠం చెప్పనక్కర లేదు, కీళ్ళూ పళ్ళూ చెప్పినవి. త్రాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు వరకే మన ప్రమాణాలు ఒప్పుకుంటాయి. ఒక మిల్లీగ్రాము ఎక్కడ, లీటరు ఎక్కడ? కాని అది ఏళ్ళ తరబడి ఎముకలో చేరితే మనిషి వంగిపోతాడు. 1970లలో నాగపూరు నీరీ సంస్థ అక్కడి నీటికి పటిక, సున్నం వేసి ఫ్లోరైడును తేర్చే పద్ధతిని రూపొందించింది. లోకమంతా దానిని 'నల్గొండ టెక్నిక్' అంటుంది. ఫిట్కరీకి ఇంత పని ఉన్నదని మా పిల్లలు ఆ పాఠంలోనే తెలుసుకున్నారు.

అన్నిటికంటె ముఖ్యమైన ద్రావణం మాట చివరకు మిగిల్చినాము, తల్లులు శ్రద్ధగా చదవాలని. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో సరిహద్దున ఉన్న బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వ్యాపించినది. నరాలకు ఎక్కించే సెలైన్ అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి గ్లూకోజు 22 గ్రాములు, వంట ఉప్పు 3.5 గ్రాములు, తినే సోడా 2.5 గ్రాములు కలిపి డ్రమ్ముల్లో నింపి, త్రాగించే పని తల్లులకూ బంధువులకూ అప్పగించినాడు. అంతకు ముందు రోగుల్లో నూటికి ముప్పై మంది దాకా చనిపోతుండగా ఆ శిబిరంలో అది నూటికి నాలుగు లోపుకు దిగినది. ఆయన 2022లో కన్ను మూసినాడు, మరుసటి ఏడు పద్మవిభూషణ్ వచ్చినది.

ఈ అంకెలను మోల్లలోకి మార్చి చూడండి. ఉప్పు 3.5ను 58.5తో భాగిస్తే సుమారు 60 మిల్లీమోల్లు. సోడా 2.5ను 84తో భాగిస్తే సుమారు 30. రెండింటిలోని సోడియం కలిపి 90. తరువాత 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పాళ్ళను పలుచన చేసినది: ఉప్పు 2.6, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు, మొత్తం 20.5 గ్రాములు లీటరుకు. గ్రాముల్లో చూస్తే ఈ అంకెలకు పొంతన కనిపించదు. మోల్లలో చూస్తే గ్లూకోజు 13.5ను 180తో భాగిస్తే 75. సోడియం ఉప్పు నుండి 44, సిట్రేటులో అణువుకు మూడు చొప్పున సుమారు 30, కలిపితే దాదాపు 75. రెండూ సమానం! ప్రేగులో గ్లూకోజు లోపలికి పోతూ సోడియంను వెంటబెట్టుకొని పోతుంది, ఆ వెనుక నీరు పోతుంది. అందుకని ఈ తూకం.

లీటరు ప్యాకెట్టును అర లీటరులో కలిపితే గాఢత రెండింతలవుతుంది. అది బిడ్డ ఒంటి నుండి నీటిని ప్రేగులోకి లాగి విరేచనాలు పెంచుతుంది, నెత్తుట్లో ఉప్పు పెంచుతుంది. రెండు లీటర్లలో కలిపితే సరిపోదు. 'కొంచెం ఎక్కువ వేస్తే ఎక్కువ బలం' అనే మాట ఇక్కడ చెల్లదు. చిన్న ప్యాకెట్లు 200 మిల్లీలీటర్లకు వస్తున్నవి, పైన వ్రాసినది చదివి కలపాలి.

ఇక్కడ కూడా పేరు గొడవే వచ్చినది. అట్టపెట్టెల్లో తియ్యని పానీయాలు 'ఓఆర్ఎస్' అనే మూడక్షరాలను తమ పేరులో చేర్చుకొని మందుల దుకాణాల్లోనే అమ్ముడుపోయినవి. వాటిలో చక్కెర పాళ్ళు ఎన్నో రెట్లు ఎక్కువ. హైదరాబాదుకు చెందిన ఒక పిల్లల వైద్యురాలు ఏళ్ళ తరబడి దీని మీద పోరాడినారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా ప్రాధికార సంస్థ, ప్రమాణం ప్రకారం లేని పానీయం ఏదీ ఆ పేరు పెట్టుకోరాదని ఉత్తర్వు ఇచ్చినది. దుకాణంలో పెట్టె చేతికి తీసుకున్నప్పుడు వెనుక వైపు చూడండి. లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములైతే 200 మిల్లీలీటర్ల పెట్టెలో 2.7 గ్రాములు ఉండాలి. ఆ భాగాహారం ఏడవ తరగతి పిల్ల చేత చేయించవచ్చును.